పేస్ పెరగాలంటే కొన్నాళ్ళు గునగునా పరిగెత్తండి

పోయినేడాది జనవరిలో మొదటిసారి ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తాను. 42 నిమిషాలు పట్టింది, అంటే కిలోమీటరుకి 8 నిమిషాల 24 సెకండ్లు (పేస్ అనేది ఈ లెక్కనే). ఆదివారం కదా, ఇంటికొచ్చి అందరికీ కేసరి చేసిపెట్టి, ఎందుకో చెప్పకుండా నాలో నేనే మురిసిపోయాను. మార్చికి 40 అయింది. ఏప్రిల్లో ఒక రోజు గాలి బాగుండి 39:40 వచ్చింది. ఇక అంతే. మే నెలంతా, జూన్ సగం దాకా, వారానికి నాలుగు రోజులు మా విశాఖ బీచ్ రోడ్డు మీద గుండె నోట్లోకి వచ్చేలా పరిగెత్తినా ఒక రోజు 39:52, ఇంకో రోజు 40:15, మరో రోజు 41 దాటి. సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, రొప్పుతూ వాచీ చూసుకోవడం, తిట్టుకోవడం, మర్నాడు మళ్ళీ అదే.

ఈ మధ్య కొత్తగా పరుగు మొదలుపెట్టిన స్నేహితురాళ్ళు ఇద్దరు ముగ్గురు "పేస్ పెరగట్లేదే, ఏం చెయ్యాలి?" అని అడిగారు. వాళ్ళకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను కోచ్‌ని కాదు, బ్యాంకు ఉద్యోగిని, నలభైకి దగ్గరపడ్డాను, ఇద్దరు పిల్లలు. నా వాదన ఒక్కటే: పరుగు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో మన పేస్ ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోతుంటే, దానికి పెద్ద కారణం ప్రతిరోజూ పేస్ కోసమే పరిగెత్తడం. ఇది చెప్తే చాలామంది నన్ను బద్ధకానికి సాకులు వెతుకుతున్నదాన్ని చూసినట్టు చూస్తారు. పోయినేడాది ఎవరైనా నాతో ఈ మాట అని ఉంటే నేనూ అలాగే చూసేదాన్ని.

అసలు మన భాషలోనే పరుగంటే తొందర. బస్సు వెళ్ళిపోతుంటే పరుగు, పొయ్యి మీద పాలు పొంగితే పరుగు, కుక్క వెంటపడితే పరుగు. ఉరుకులు పరుగుల జీవితం అంటాం, పరుగు పరుగున వచ్చాడంటాం. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు అనే సామెతలో కూడా ఉన్నవి రెండే: పరిగెత్తడం, నిలబడటం. మధ్యలో ఇంకోటి ఉండొచ్చని ఎవరికీ తోచినట్టు లేదు. అందుకని నెమ్మదిగా పరిగెత్తు అంటే మన చెవికి అదేదో తప్పు వాక్యంలా వినబడుతుంది. నాకు దొరికిన మాట ఒక్కటే, గునగునా. చిన్నపిల్లలు చిన్న చిన్న అడుగులతో గునగునా పరిగెత్తుకొస్తారు చూడండి, వాళ్ళకి ఆయాసం ఉండదు, ముఖంలో యుద్ధం ఉండదు. నేను చెప్పే పరుగు అది.

ఆడవాళ్ళకి ఇంకో తంటా ఉంది. ఉదయం బీచ్ రోడ్డుకి వాహనాల్ని రానివ్వని ఆ రెండు గంటల్లో సగం విశాఖపట్నం అక్కడే ఉంటుంది. చుడీదార్‌లో, చున్నీ నడుముకి బిగించి కట్టుకుని పరిగెత్తుతుంటే, చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. నడుస్తున్న అంకుల్స్ మనల్ని దాటిపోతే? ఆ భయానికే నేను మొదటి అయిదారు నెలలు వేగంగా పరిగెత్తాను. నిజం. ఫిట్‌నెస్ కోసం కాదు, "పరిగెడితే పరుగులా ఉండాలి" అని. బెంచీల మీద జనం కూర్చున్న చోట వేగం పెంచి, ఎవరూ లేని చోట తగ్గించేదాన్ని. నా వాచీలో ఆ నెలల గ్రాఫులు చూస్తే ఎక్కడెక్కడ జనం ఉన్నారో ఇప్పటికీ చెప్పగలను.

జూన్‌లో మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. మూడు వారాలు మానేశాను. అది కాస్త తగ్గుతుండగా జూలైలో ఆషాఢ పౌర్ణమి వచ్చింది, పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. మా అత్తగారికి అరవై రెండేళ్ళు. పదిహేనేళ్ళుగా ఏటా వెళ్తున్నారు, చెప్పుల్లేకుండా, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఆవిడ తోడుగా ప్రతిసారీ మా ఆడపడుచు వెళ్ళేది, ఈసారి ఆమెకి కుదరలేదు. "నువ్వు రోజూ పరిగెడుతున్నావు కదా, నీకెంత" అని నన్ను రమ్మన్నారు. నాకూ నిజంగానే "నాకెంత" అనిపించింది. నేను బూట్లు వేసుకున్నాను, అదొక అదనపు బలం అనుకున్నాను.

సాయంత్రం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. అడివివరం దాటేసరికే నాకు ఆవిడ నడక చిరాకు పుట్టించింది. ఎక్కడా తొందరలేదు, ఎక్కడా ఆగడమూ లేదు, పక్కావిడతో మనవరాలి పెళ్ళి సంబంధాలు మాట్లాడుతూ పోతున్నారు. "అత్తయ్యా, నేను ముందు వెళ్ళి అప్పూఘర్ దగ్గర ఉంటాను" అని చెప్పి విసవిసా వెళ్ళిపోయాను. ముడసర్లోవ, హనుమంతవాక, ఎత్తుపల్లాలన్నీ ఊదిపారేసినట్టు దాటి, అప్పూఘర్ పక్కనే జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రంలో కాళ్ళు తడుపుకుని కూర్చున్నాను. దారి పొడుగునా జనం మజ్జిగ, పులిహోర పంచుతుంటారు, నేను ఆగి తీసుకోలేదు. వాచీ చూసి గర్వపడుతున్నా. దాదాపు గంటకి ఆవిడ వచ్చారు, మొదలుపెట్టినప్పటి నడకతోనే. లేచి నిలబడబోతే పిక్కలు రెండూ పట్టేశాయి.

సీతమ్మధార దాకా ఎలాగో ఆవిడ వెనకాల నడిచాను. మాధవధార దగ్గర ఒక అరుగు మీద కూలబడి మా ఆయనకి ఫోన్ చేశాను, స్కూటర్ తీసుకుని ఎక్కడిదాకా రానిస్తే అక్కడిదాకా రమ్మని. అత్తగారు వంగి నా కాళ్ళు చూసి, "ఏటమ్మా, అప్పుడే కూలబడిపోయేవు?" అని, ఒక పులిహోర పొట్లం చేతిలో పెట్టి, పక్కావిడతో కలిసి వెళ్ళిపోయారు. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, కాఫీ డికాక్షన్ వేశారు. నేను ఆ కాఫీ మంచం మీదే తాగాను.

కుందేలు తాబేలు కథ చెప్తున్నాననుకోకండి. కుందేలు నిద్రపోయింది కాబట్టి ఓడింది, నేనెక్కడా నిద్రపోలేదు. నన్ను దెబ్బకొట్టింది వేరే. ఆరు నెలలుగా వారానికి నాలుగు రోజులు శిక్షణ అనుకుంటూ నేను చేస్తున్న పని నన్ను దేనికీ పనికిరానిదాన్ని చేసిందే! వేగమూ రాలేదు, ఓపికా రాలేదు.

ఆ తర్వాత మంచం మీద ఉన్న నాలుగు రోజుల్లో పరుగు చరిత్ర చదువుకుంటూ కూర్చుంటే, నాలాగే దెబ్బతిన్నవాడు ఇంకొకడు కనిపించాడు, అదీ చిన్నవాడు కాదు. బిల్ బోవర్‌మన్. అమెరికాలో ఆరెగన్ విశ్వవిద్యాలయం కోచ్, తర్వాత నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడు. 1962–63లో న్యూజిలాండ్ వెళ్తే, అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆయన్ని ఒక ఆదివారం మామూలు జనంతో పరుగుకి తీసుకెళ్ళాడు. ఉద్యోగస్తులు, ముసలివాళ్ళు, గుండెజబ్బు వచ్చి తేరుకున్నవాళ్ళు నెమ్మదిగా కొండలెక్కి దిగే గుంపు అది. బోవర్‌మన్‌కి అప్పటికి యాభై దాటింది, తాను బాగానే ఉన్నాననుకునేవాడు. కొండ మొదలయ్యేసరికి వెనకబడిపోయాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, గుండెపోట్లు వచ్చినాయన, ఈయన కోసం వేగం తగ్గించుకుని పక్కనే కబుర్లు చెప్తూ పరిగెత్తాడట. బోవర్‌మన్ ఇంటికెళ్ళి ఊళ్ళోవాళ్ళకి జాగింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. అమెరికాలో జాగింగ్ పిచ్చి పట్టుకోవడంలో దానిది పెద్ద పాత్ర.

లిడియార్డ్ దగ్గర పీటర్ స్నెల్ అనే కుర్రాడుండేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు గెలిచాడు, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. 800 మీటర్లంటే రెండు నిమిషాలలోపు అయిపోయే పందెం. ఆ రెండు నిమిషాల కోసం స్నెల్ ఏం చేసేవాడంటే, కొన్ని నెలలపాటు వారానికి 160 కిలోమీటర్లదాకా పరిగెత్తేవాడు, ఆదివారం వైయటారువా కొండదారుల్లో ఒక్కసారే దాదాపు 35 కిలోమీటర్లు. వేగం నేర్పే పరుగులు చివరి కొన్ని వారాల్లోనే. వాళ్ళ నెమ్మది మనకి నెమ్మది కాదనుకోండి, వాళ్ళతో నడవాలన్నా మనం పరిగెత్తాలి. కానీ వరస అది: ముందు ఓపిక, తర్వాత వేగం.

ఎందుకలా అన్నది తెలిస్తే నమ్మకం కుదురుతుంది, నాకు అలాగే కుదిరింది. అరగంట పైన సాగే పరుగుకి కావలసిన శక్తిలో తొంభై శాతానికి పైగా ఆక్సిజన్‌తో తయారయ్యేదే. కాబట్టి 40 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళం ఆగిపోయేది కాళ్ళలో వేగం లేక కాదు. నన్ను వంద మీటర్లు పరిగెత్తమంటే కిలోమీటరుకి 5 నిమిషాల లెక్కన పరిగెత్తగలను, మీరూ పరిగెత్తగలరు. ఆ వేగాన్ని నిలబెట్టే సరఫరా లేదు, అంతే. ఆ సరఫరా అంటే ఏమిటి? ఒంట్లో రక్తంలోని నీటి భాగం పెరగాలి, అది కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోయాలి. కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరగాలి, కండరాల లోపల మైటోకాండ్రియా (ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసేవి) పెరగాలి, వీటికి నెలలు పడుతుంది. ఇవన్నీ వేగంగా పరిగెత్తినా పెరుగుతాయి, అందులో అబద్ధమేమీ లేదు. కానీ వేగంగా పరిగెత్తితే ఎంతసేపు పరిగెత్తగలం? ముప్పై, నలభై నిమిషాలు. మర్నాడు కాళ్ళు లేవవు. నెమ్మదిగా అయితే గంట పోవచ్చు, మర్నాడు మళ్ళీ పోవచ్చు. నెల తిరిగేసరికి కూడే గంటల్లో తేడా చాలా ఉంటుంది.

పైగా గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి, ఎముకలూ స్నాయువులూ అంత త్వరగా పడవు. మూడో నెలకి "అబ్బో, ఊపిరి బాగానే ఆడుతోంది" అని వేగం పెంచుతాం, కింద ఎముక ఇంకా జనవరిలోనే ఉంటుంది. నా జూన్ నొప్పి అదే. నేనప్పుడు పరిగెత్తినవన్నీ ముప్పాతిక బలంతో పరిగెత్తినవి: ఎక్కువసేపు సాగడానికి మరీ గట్టివి, వేగం నేర్పడానికి మరీ మెత్తవి. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త పెద్ద పెద్ద ఎండ్యూరెన్స్ (ఎక్కువసేపు సాగే ఆటల) ఆటగాళ్ళు నిజంగా ఎలా శిక్షణ పొందుతున్నారో లెక్కలు తీస్తే, నూటికి ఎనభై సెషన్లు తేలికవే అని తేలింది. ఈ 80/20 ఇప్పుడు మంత్రంలా తిరుగుతోంది. కానీ వాళ్ళు వారానికి పది, పన్నెండు సార్లు శిక్షణ చేసేవాళ్ళు. నాలుగు రోజులు పరిగెత్తే మనం క్యాలిక్యులేటర్ తీసి ఇరవై శాతం ఎంతా అని చూసుకోవడం నవ్వులాట. నాలుగింట్లో మూడు తేలిగ్గా పరిగెత్తండి, అయిపోయింది.

ఎంత తేలిగ్గా? ఇక్కడే అందరూ మోసపోతారు, నేను కూడా. "నెమ్మదిగానే పరిగెత్తానే" అంటారు, చూస్తే రోజూ కన్నా కిలోమీటరుకి పదిహేను సెకండ్లే ఎక్కువ పట్టి ఉంటుంది. ఆగస్టులో నేను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నా తేలిక పేస్ 9 నిమిషాల 40 సెకండ్లు. ఒక్కోసారి పది దాటేది. 42 నిమిషాల మొదటి రోజు కన్నా కూడా నెమ్మది! మా చెల్లికి ఫోన్ చేసి మాట్లాడుతూ పరిగెత్తేదాన్ని. అది "ఏంటే రొప్పుతున్నావ్, మెట్లెక్కుతున్నావా?" అని అడిగిందంటే వేగం ఎక్కువైనట్టు. ఫోన్ పట్టుకుని పరిగెత్తడం ఇష్టం లేకపోతే శుక్లాంబరధరం శ్లోకం పైకి చెప్పుకోండి, పాదం పాదానికీ ఊపిరి తెగితే తగ్గించండి. గుండె వేగాన్ని బట్టి పోదామంటే 220లోంచి వయసు తీసెయ్యమనే లెక్క ఒకటుంది, అది సగటు లెక్క, మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ తేలిగ్గా పోతుంది. చేతి వాచీలు ఒక్కోసారి గుండెని వదిలేసి అడుగుల్ని లెక్కపెట్టి 170 చూపిస్తాయి కూడా. ఊపిరి అబద్ధం చెప్పదు.

ఆ పేస్‌లో పరిగెత్తడానికి మధ్యలో నడవాల్సి వస్తే నడవండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలొవేయే కావాలని పరుగు, నడక కలిపి నేర్పే పద్ధతిని ప్రచారం చేశాడు. ఒలింపిక్స్‌కి వెళ్ళినవాడికి లేని నామోషీ మనకెందుకు? (నాకు నామోషీగానే ఉండేది. మొదటి రెండు వారాలు ఎవరైనా ఎదురొస్తే బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగేదాన్ని.)

నాకు బాగా పనికొచ్చిన చిన్న మార్పు ఒకటుంది, ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కిందామీదా పడి కనిపెట్టుకున్నాను. కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి నిమిషాలు లెక్కపెట్టాను. అయిదు కిలోమీటర్లు పరిగెత్తాలని బయల్దేరితే వేగంగా పోతే త్వరగా అయిపోతుంది, ఇంటికెళ్ళి పిల్లల డబ్బాలు కట్టాలి, అందుకని మనకి తెలియకుండానే తొందరపడతాం. ముప్పై అయిదు నిమిషాలు అనుకుంటే ఎంత పరిగెత్తినా ముప్పై అయిదు నిమిషాలే. తొందరకి లాభం లేదు. వాచీలో పేస్ కనిపించే పేజీని కూడా తీసేశాను. ఆగస్టులో వారానికి మూడు రోజులు ముప్పై నిమిషాలు, ఆదివారం నలభై అయిదు. నవంబరుకి ఆ ఆదివారం గంటా పదిహేను నిమిషాలైంది. ఇదంతా చేసినా టైము చూడాలని చేతులు లాగేవి, అది వేరే సంగతి.

ఇక వాతావరణం. మేలో నా పేస్ ఆగిపోయిందని ఏడ్చాను కదా, అందులో కొంత వేసవిదే. వేడిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పోతుంది, కండరాలకి పోవలసిన దాంట్లో వాటా పడుతుంది, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. చెమట ఆరితేనే చల్లబడతాం, మా విశాఖ గాలిలో ఆరేది ఎక్కడ? కారిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితురాలు ఇక్కడికొచ్చి నాతో పరిగెత్తిన రోజు, "సముద్రం పక్కన అంటే చల్లగా ఉంటుందనుకున్నానే" అని రెండో కిలోమీటర్లో ఆగిపోయింది. జనవరి టైముతో మే టైముని పోల్చడం దండగ. మే టైముని పోయినేడాది మే టైముతో పోల్చండి.

ఇంకోటి, ఇది మగవాళ్ళు రాసే పరుగు వ్యాసాల్లో ఎక్కువ కనబడదు. ఆగస్టులో మా డాక్టరు రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. ఆక్సిజన్‌ని మోసేదే హిమోగ్లోబిన్, అది తక్కువ పెట్టుకుని నేను ఇంటర్వెల్స్ చెయ్యాలా టెంపో చెయ్యాలా (రెండూ వేగం పెంచే పరుగులే) అని వీడియోలు చూస్తున్నాను! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం పైన. అందుకని నా స్నేహితురాళ్ళు ఎవరడిగినా ఇప్పుడు నేను ముందు అడిగేది "టెస్ట్ చేయించుకున్నావా?" అనే. పరీక్ష లేకుండా మీ అంతట మీరు ఐరన్ మాత్రలు మింగకండి, డాక్టరు చెప్తే వేసుకోండి, వేసుకున్నాక వెంటనే కాఫీ, టీ తాగకండి, తాగితే మాత్ర సగం వృథా. నాకు ఈ కాఫీ నియమమే అన్నిటికన్నా కష్టమైంది. డిసెంబరుకి 12.1కి వచ్చింది. నా పేస్ పెరగడంలో ఐరన్ వాటా ఎంతో, నెమ్మది వాటా ఎంతో విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. అయినా నెమ్మది వైపే వాదిస్తున్నాను, ఎందుకంటే హిమోగ్లోబిన్ పధ్నాలుగు, పదిహేను ఉండి కూడా రోజూ గుండెలు పగిలేలా పరిగెత్తి అక్కడే ఆగిపోయిన మగవాళ్ళు మా బ్యాంకులోనే ముగ్గురున్నారు.

నిద్ర గురించి పెద్దగా చెప్పను, చెప్తే ఇల్లు, వంట, ఎవరు ఏ పని చేస్తున్నారు అన్నదాని మీదికి పోతుంది. రాత్రి పదకొండున్నరకి గిన్నెలు సర్ది, నాలుగున్నరకి లేచి పరిగెత్తడం క్రమశిక్షణ అని నన్ను మెచ్చుకున్నవాళ్ళున్నారు. అది క్రమశిక్షణ కాదు, రాత్రి గిన్నెలు సర్దే పని మా ఆయన తీసుకున్నాకే నా కాళ్ళు కోలుకోవడం మొదలైంది.

మరి వేగం ఎప్పుడు? నెమ్మదిగా మాత్రమే పరిగెత్తితే నెమ్మదిగా పరిగెత్తడమే బాగా వస్తుందని ఎదురు వాదించేవాళ్ళున్నారు, అందులో కొంత నిజముంది. నాలుగు వారాలు గునగునా అయ్యాక, వారంలో ఒక రోజు, తేలిక పరుగు చివర్లో ఇరవై సెకండ్లు హాయిగా వేగంగా, తర్వాత ఊపిరి మామూలయ్యేదాకా నడక, ఇలా నాలుగు సార్లు మొదలుపెట్టాను. ప్రాణం మీదికి తెచ్చుకునే వేగం కాదు, చిన్నప్పుడు స్కూలు గ్రౌండులో పరిగెత్తినట్టు. ఇంకో నెల పోయాక ఫార్ట్‌లెక్. స్వీడిష్‌లో వేగంతో ఆట అని అర్థం, 1930ల్లో గోస్టా హోల్మేర్ అనే స్వీడన్ కోచ్ తయారుచేసిన పద్ధతి. నేను దానికి కరెంటు స్తంభాలు పెట్టుకున్నాను: రెండు స్తంభాలు వేగంగా, నాలుగు స్తంభాలు నెమ్మదిగా. కాళ్ళు బాగుంటే మూడు స్తంభాలు. ఎవరి లెక్కా లేదు, యాప్‌లో కూడా ఇదేదీ అందంగా కనబడదు. రెండు వారాలకోసారి కైలాసగిరి ఎక్కే రోడ్డు మీద చిన్న ఎత్తు చూసుకుని ముప్పై సెకండ్లు ఎక్కడం, నడిచి దిగడం. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు తనంతట తనే పొట్టిదవుతుంది, కాలు ముందుకి విసరలేం, నాలాగా కాలు ముందుకి చాచి మడమతో బ్రేకు వేసుకుంటూ పరిగెత్తేవాళ్ళకి మంచి మందు.

నిమిషానికి 180 అడుగులు వెయ్యాలని ఎవరైనా అంటే నమ్మి టెన్షన్ పడకండి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ పోటీలో ఉన్న మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టినప్పుడు దొరికిన సంఖ్య అది. తేలిక పరుగులో నాది 160 దాకా ఉంటుంది, ఏ నష్టమూ జరగలేదు. వేగం కోసం అడుగున కార్బన్ ప్లేటు పెట్టిన బూట్లు ఇరవై వేలు పెట్టి కొనే ఆలోచన ఉంటే ఆ డబ్బుతో పనిమనిషికి జీతం పెంచి ఇంకో గంట ఉండమనండి, ఆ గంట నిద్రపోండి.

అక్టోబరు దాకా నాకు ఏ తేడా కనబడలేదు, ఇది దాచకుండా చెప్పాలి. రెండున్నర నెలలు. మధ్యలో రెండుసార్లు మనసాగక పాత పద్ధతిలో పరిగెత్తి చూశాను, ఒకసారి 40 దాటింది, ఆ రాత్రి వాచీని బీరువాలో పడేశాను. నవంబరు మొదట్లో ఒకరోజు చెల్లితో ఎప్పట్లాగే మాట్లాడుతూ పరిగెత్తి వచ్చి చూసుకుంటే అదే ఊపిరితో 8:35. చలికాలం మొదలైంది కదా, దానివల్లే అనుకున్నాను. వారం తర్వాత 8:20. అంటే, జనవరిలో ప్రాణాలు తోడేసిన పేస్‌లో నేను మా చెల్లి అత్తగారింటి గొడవలు వింటున్నాను. నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాను, 76 నిమిషాలు. ఈ జనవరిలో అదే బీచ్ రోడ్డులో 5 కిలోమీటర్లు 34:10. కిలోమీటరుకి 6:50. గొప్ప టైమేమీ కాదు, కాలేజీ పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తే టైము. కేసరి మాత్రం మళ్ళీ చేశాను.

ఇప్పుడు మళ్ళీ వేసవి. తేలిక పేస్ 8:50కి పడిపోయింది, పడనీ. ఆషాఢం వస్తోంది, అత్తగారు నన్నే రమ్మంటున్నారు. ఆవిడతో పోటీ లేదు, పక్కనే నడుస్తానని చెప్పాను. బూట్లు వేసుకుంటానంటే ఒప్పుకున్నారు గానీ వాచీ దగ్గర పట్టుబట్టారు. "ఆ గడియారం ఇంట్లో పెట్టేసి రా అమ్మా. పోయినసారి అడివివరం దాకా కూస్తానే ఉంది."